తపసి చెట్టుకు నడికట్టు

పోయిన వారం ఆ అమ్మాయి ఫోను చేసింది. నేను చేసిన ఉద్యోగంలో ఇప్పుడు తను ఉంది. యర్రగొండపాలెం దాటి అడవిలోకి వెళితే వచ్చే చెంచు గూడెం పైన, కొండ వాలులో నిలబడి మాట్లాడుతోంది. గొంతు వస్తూ పోతూ ఉంది.

“అక్కా, చెట్ల చుట్టుకొలత తీస్తుండాం. కొన్ని చెట్లకు నడుము కాడ తీగలు చుట్టి కట్టినారు. టేపు సరిగ్గా కూర్చోవడం లేదు. కోసేయమంటారా?”

“కోయొద్దు” అన్నాను. ఎందుకో చెప్పబోయేలోగా పాప లేచి ఏడ్చింది. ఎత్తుకుంటే ఒళ్ళు వెచ్చగా అనిపించింది. ఫోను మంచం మీద పడేసి థర్మామీటరు వెతుక్కున్నాను. జ్వరం లేదు, ఉక్కపోత. మళ్ళీ చేస్తే ఆ అమ్మాయి సిగ్నలు అందని చోటికి వెళ్ళిపోయింది.

ఆ రోజు చెప్పలేకపోయినది ఇప్పుడు రాస్తున్నాను. పాప నిద్రపోయాక దొరికే గంట, గంటన్నరలో. ఆ అమ్మాయి కోసమే మొదలుపెట్టాను కానీ అడవి అంచున ఇట్లాంటి ఉద్యోగాలకు వెళ్ళే పిల్లలందరూ చదివితే మంచిదే. నేను ఆ ఉద్యోగం చేసింది రెండేళ్ళు కూడా లేదు. పెద్ద అనుభవమని చెప్పుకోను. కానీ ఒక్క విషయం మాత్రం నాకు ఎవరికన్నా బాగా తెలుసు. దాన్ని నా చేత్తో పాడుచేసి తెలుసుకున్నాను కాబట్టి.

మాది కురిచేడు దగ్గర పల్లె. మా నాయన కూలికి పోయి, మా అమ్మ చర్చిలో మోకరించి, ఇద్దరూ కలిసి నన్ను డిగ్రీ చదివించారు. బాటనీ. చెట్ల లాటిన్ పేర్లు నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. మార్కాపురంలో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు ఫీల్డు సూపర్‌వైజరు కావాలంటే వెళ్ళి చేరాను. అప్పటికి నాకు పెళ్ళయి ఆర్నెల్లు. అడవిని కాపాడే పని అన్నారు. అంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

తపసి చెట్టును చూడనివాళ్ళకు రెండు మాటలు. రాళ్ళ వాలులో పెరుగుతుంది. తెల్లటి మాను, సున్నం కొట్టినట్టు నున్నగా ఉంటుంది, పైపొర కాగితంలా లేస్తుంది. ఎండాకాలం వస్తే ఒక్క ఆకు మిగలదు. బెరడు మీద గాటు పెడితే బంక ఊరి గడ్డకడుతుంది. కొన్నాళ్ళాగి దాన్ని గీకి తెచ్చి అమ్ముతారు. మందుల్లో, ఐస్‌క్రీముల్లో వాడతారట. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా ఆ గూడెం ఇళ్ళలో పొయ్యి వెలిగేది చాలావరకు ఈ బంక వల్లే. గాటు బెరడు వరకే ఉండాలి. చెక్కలోకి దిగితే చెట్టు కోలుకోదు.

గూడెం పైన వాలులో మూడు వందల పైచిలుకు చెట్లున్నాయి. ఏ చెట్టు ఏ ఇంటిదో వాళ్ళకు తెలుసు. తాతల నుంచి వస్తున్నవి. కానీ ఒక ఇంటికి నలభై ఉంటే, ఇంకో ఇంటికి నాలుగు. ఒక ఇంటికి ఒక్కటీ లేదు. అది వేరే గూడెం నుంచి ఇల్లరికం వచ్చిన అల్లుడిది. మామకున్న చెట్లు ఏవో గాలివానకు పడిపోయాయట. అతను, భార్య, ఇద్దరు పిల్లలు. ఎండాకాలమంతా ఇతరుల చెట్ల కింద కూలికి బంక గీకేవాళ్ళు.

ఇది అన్యాయం అనిపించింది నాకు. ఆ అనిపించడంలో తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. తప్పంతా ఆ తరువాతి పనిలో ఉంది. ఒక పథకం రాశాను. ప్రతి చెట్టుకూ నంబరు వేయాలి, చుట్టుకొలత తీసుకోవాలి, ఏటా ఫిబ్రవరిలో చీటీలు వేసి అన్ని ఇళ్ళకూ సమానంగా పంచాలి. ఈ ఏడు నీకు వచ్చిన చెట్టు వచ్చే ఏడు ఇంకొకరికి. ఎవరికీ ఎక్కువ లేదు, తక్కువ లేదు. మా ఆఫీసులో పెద్దసారు అది చదివి, “బ్రహ్మాండం తల్లీ! ఇట్లాంటిది మన సంస్థలో ఇంతవరకు ఎవురూ రాయల్యా” అన్నారు. నేల మీద కాలు ఆనలేదు నాకు.

నంబర్లు వేయడానికి నాతో వచ్చినాయన మార్కాపురం మనిషి. మా ఆఫీసులో ఫీల్డు అసిస్టెంటు. వయసులో మా నాయన కన్నా పెద్ద. అందరం చాచా అనేవాళ్ళం. వాళ్ళ నాన్నకు ఒకప్పుడు బంక కొనే దుకాణం ఉండేది. పసుపు రంగు డబ్బా, బ్రష్షు ఆయన దగ్గర. టేపు, రిజిస్టరు నా దగ్గర. రొమ్ము ఎత్తున మాను చుట్టూ టేపు చుట్టాలి, కొలత రాసుకోవాలి, పక్కనే నంబరు వేయాలి.

నాలుగింట ఒక చెట్టుకు సరిగ్గా అదే ఎత్తున అడవి తీగ చుట్టి ముడేసి ఉంది.

“ఏంది చాచా ఇవి?”

“ఏదో మొక్కు అనుకుంటా బేటీ. మా దర్గా కాడ దారాలు కట్టరూ, అట్ల.”

మొక్కులంటే మా ఇంట్లో పట్టింపు లేదు. టేపు కొలత సెంటీమీటరు తేడా రాకూడదన్న పట్టింపు మాత్రం నాకు చాలా ఉంది. చాకు తీసి కోశాను. మొదటిది, రెండోది, మూడోది. తరువాత లెక్క చూసుకోలేదు. మాతో వచ్చిన గూడెం మనిషి ఒకడు రాతి మీద కూర్చొని చూస్తూ ఉన్నాడు. ఏమీ అనలేదు. నేనూ అతన్ని ఏమీ అడగలేదు.

కోసిన తీగలు మోపెడయ్యాయి. అడవిలో ఏదీ వృథా చేయకూడదు కదా! కిందికి దిగేటప్పుడు చంకన పెట్టుకొచ్చి, గూడెం మొదట్లో ఉండే అవ్వ పొయ్యి పక్కన పడేశాను.

“అవ్వా, ఇవి పొయ్యిలోకి పనికొస్తాయి.”

అవ్వ ఆ తీగల వైపు చూసింది. తరువాత నా వైపు చూసింది. “పెండ్లయినాదా బిడ్డా నీకు?” అని అడిగింది.

“అయిందవ్వా. ఏడాదవుతోంది.”

“పిల్లలు?”

“ఇంకా లేరు.”

“ఊఁ” అంది. ఆ తీగల్ని పొయ్యిలో పెట్టలేదు. ఒక్కొక్కటే ఏరి గుడిసె చూరులో దోపింది. ముసలావిడ ఏదో పలకరించిందిలే అనుకుని జీపెక్కాను.

చీటీలు వేశాం. అల్లుడికి పధ్నాలుగు చెట్లు వచ్చాయి. అతని భార్య చీటీలన్నీ కొంగున ముడేసుకుంది. ఆ రోజు ఆవిడ ముఖం చూసి నా మీద నాకు కలిగిన గౌరవం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

ఆ ఎండాకాలం బంక విపరీతంగా వచ్చింది. గోతాలు గోతాలు. పెద్దసారు పై ఆఫీసుకు ఫోటోలు పంపారు. ఒక్క చాచాకే నచ్చలేదు. ఒకరోజు తూకం దగ్గర రెండు ముద్దలు నా అరచేతిలో పెట్టాడు. ఒకటి తేనె కలిపిన పాలలా తెల్లగా ఉంది. రెండోది ఎర్రగా, గరుకుగా ఉంది.

“ఇది చూడు బేటీ. మా అబ్బాజాన్ ఇట్లాంటిది వస్తే పక్కకు నెట్టేసేటోడు. బెరడు, చెక్కపొట్టు కలిసినాది. గొడ్డలి శానా లోపలికి దిగినాది.”

“ఎక్కువ వస్తోంది కదా చాచా.”

“వస్తాది. మేకను కోసిననాడే గద నెత్తురు ఎక్కువ వచ్చేది.”

నవ్వి ఊరుకున్నాను. మే నెల చివర వాలంతా తిరిగి చూసి ‘చెట్లన్నీ ఆరోగ్యంగా ఉన్నవి’ అని రిపోర్టు రాశాను. బాటనీ చదివిన మనిషిని! తపసి చెట్టు ఎండాకాలంలో బతికున్నా చచ్చినా ఒక్క తీరుగానే ఉంటుంది. తెల్లటి మాను, మోడు కొమ్మలు. అది తెలిసి కూడా రాశాను. నాకు చూడాలనిపించినదే చూశాను.

వానలు పడ్డాయి. వాలంతా పచ్చబడింది. పదిహేడు చెట్లు మాత్రం చిగురించలేదు. వారం ఆగాను. ఇంకో వారం ఆగాను. మూడో వారం రిజిస్టరులో ‘తెగులు కావచ్చు’ అని రాశాను. ‘కావచ్చు’ అనేది ఉద్యోగంలో ఎంత హాయినిచ్చే మాటో మీకూ తెలిసొస్తుంది. దాని జోలికి వెళ్ళకండి.

ఆ రోజు దిగి వస్తుంటే గుడిసె ముందర అవ్వ కూర్చొని ఉంది. వాన జల్లు. లోపలికి రమ్మంది. చూరులో ఆ తీగలు అట్లాగే ఉన్నాయి, ఎండి నల్లబడి. అప్పుడు అడిగాను, ఆర్నెల్లు ఆలస్యంగా.

“అవ్వా, అవి ఎందుకు దాచావు?”

“అవి నడికట్లు గద బిడ్డా.”

“ఎవరి నడికట్లు?”

“చెట్లవి. పోయినేడు బంకిచ్చిన చెట్టు బాలింతతో సమానం. ఒళ్ళు పచ్చిగుంటాది. నడుముకు కట్టు కట్టి ఒక ఏడు పండుకోనియ్యాల. ముసలి చెట్లయితే రెండేండ్లు. కట్టు కనపడితే ఎవురూ గొడ్డలి పెట్టరు. దొంగ కూడా పెట్టడు.”

“ఆ రోజు నాకెందుకు చెప్పలేదవ్వా?”

“నువ్వడిగితివా? నీ చేతిలో పుస్తకముండె. పుస్తకం పట్టుకొని వచ్చినోళ్ళకు ఇంత చిన్నది తెలియదని మేమెట్ల అనుకొంటాం?” మళ్ళీ తనే అంది, “అయినా నువ్వు నంబరేస్తివి. నంబరేసినాక అది గవుర్మెంటు చెట్టాయె. గవుర్మెంటు చెట్టుకు బాలింతతనమేంది, కట్టేంది?”

మా సంస్థ గవర్నమెంటు కాదని చెప్పబోయి మానుకున్నాను. ఆవిడ మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు. మూడు వందల చెట్లకూ మనుషులున్నారు. నేను రంగు డబ్బాతో వెళ్ళి ఆ మనుషుల్ని తీసేసి, ఆ జాగాలో అంకెలు పెట్టి వచ్చాను. పచ్చి ఒంటితో పడుకున్న వాటిని లేపి మళ్ళీ కత్తి కిందికి పంపాను. ఇంకొకసారి చీటీలు వేస్తే, మొన్న లోతుగా తెగిన చెట్లన్నీ మానకముందే మళ్ళీ తెగుతాయి. అప్పుడు పదిహేడుతో ఆగదు. రెండేళ్ళలో వాలు బోడవుతుంది. గూడెం కూలికి పోతుంది.

పెద్దసారుకు చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. నా రిపోర్టుల ఫైలు తీసి ముందేసుకున్నారు.

“ఆరోగ్యంగా ఉన్నాయని మే నెలలో రాసింది నువ్వే గదమ్మా?”

“నేనే సార్.”

“తెగులని రాసింది?”

“అదీ నేనే సార్.”

“ఇప్పుడు మూడోది రాస్తే మనల్ని ఎవరు నమ్ముతారు? పై మేడం ఫిబ్రవరిలో చీటీలు చూడడానికి స్వయంగా వస్తున్నారు. పక్క గూడేలకు కూడా ఇదే పెడతామని కాగితం వచ్చేసింది. ఈసారికి కానియ్యి. వచ్చే ఏడు నిదానంగా మారుద్దాం.”

సరే సార్ అన్నాను. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కడుపులో అప్పటికి రెండో నెల. సరే అన్నాననే రాస్తున్నాను, దాచుకుని లాభం లేదు.

ఫిబ్రవరి వచ్చింది. గూడెం మధ్యలో షామియానా వేశారు. ప్లాస్టిక్ కుర్చీలు, మంచినీళ్ళ క్యాన్లు. స్టీలు బిందెలో చీటీలు. పై మేడం నూలుచీర కట్టుకుని, కాళ్ళకు బూట్లు వేసుకుని వచ్చారు. కొండ ఎక్కే ఉద్దేశంతో వచ్చిన మనిషని ఆ బూట్లు చూడగానే అర్థమైంది. చీటీలు తీయాల్సింది నేను. ఎనిమిదో నెల. కడుపు అడ్డం వచ్చి బిందెలోకి సరిగ్గా వంగలేకపోతున్నాను. చాచా బిందెను ఎత్తి పట్టుకున్నాడు.

మొదటి చీటీ, రెండో చీటీ బాగానే జరిగాయి. మూడోది అల్లుడిది. తీసి చదివాను. “నూట పన్నెండు.”

అల్లుడు లేచి నిలబడ్డాడు. “మేడం, అది చచ్చినాది. చచ్చినదాన్ని నేనేం జేసుకోవాల? ఇంకోటి తీయి.”

అందరూ గొల్లుమన్నారు. వెనక నుంచి ఎవరో ఆడమనిషి, “తీసుకోరా, నీ గొడ్డలి దెబ్బకే గద పోయినాది, నువ్వే దినం జేయి!” అంది. మళ్ళీ నవ్వులు. పై మేడం నవ్వలేదు. ఒళ్ళో ఉన్న రిపోర్టు తిప్పి చూశారు.

“చనిపోయిందా? ఇందులో అట్లా లేదే?”

“తెగులు మేడం, ఒకటి రెండు చెట్లకు” అన్నారు పెద్దసారు.

నేను మాట్లాడకపోయినా ఆ క్షణం గడిచిపోయేది. నాలుగో చీటీ తీయడమే. చెయ్యి బిందెలోకి పోయింది కూడా. లోపల పాప గట్టిగా తన్నింది. అదేదో దైవసంకేతమని చెప్పను. ఆ రోజుల్లో అది పొద్దస్తమానం తన్నేది. కానీ ఆ తన్నుకు నేను కాసేపు ఆగాను. ఆగినప్పుడు ఎదురుగా నేల మీద కూర్చున్న అవ్వ కనిపించింది. చీటీల వైపు చూడడం లేదు. తల పక్కకు తిప్పి వాలు వైపు చూస్తోంది.

“తెగులు కాదు మేడం” అన్నాను. “నేను.”

తరువాత మాటలు వాటంతటవే వచ్చాయి. తీగలు కోసింది, పొయ్యిలోకి ఇచ్చింది, ఎండాకాలంలో ఆరోగ్యంగా ఉన్నాయని రాసింది, వానల్లో తెగులని రాసింది. పదిహేడు నంబర్లూ చూడకుండా చెప్పాను. అవి నాకు కంఠతా వచ్చు, ఇప్పటికీ. పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

“చూపించగలవా?” అన్నారు పై మేడం.

“నువ్వెక్కగాకు బేటీ, నేను చూపిస్తా” అని చాచా అడ్డం వచ్చాడు. నేనే ఎక్కాను. అడుగడుగునా ఆగుతూ, అవ్వ నా వెనక నడుము మీద చెయ్యి ఆనించి తోస్తుంటే.

నూట పన్నెండు దగ్గర చాకుతో బెరడు గీశాను. పొడి రాలింది. దాని పక్కనే సన్నటి చెట్టు ఒకటుంది. మరీ సన్నదని దానికి నేను నంబరు వేయలేదు, కట్టు కోయలేదు. పాత గాట్లు పెదవులు మూసుకున్నట్టు మూసుకుపోయి ఉన్నాయి. పై మేడం ఆ మానిన చోటును వేలితో తడిమి చూశారు. తరువాత చాచా జేబులోంచి ఆ రెండు బంక ముద్దలూ తీశాడు. అన్ని నెలలూ ఆయన వాటిని దాచిన సంగతి నాకు తెలియదు.

“ఈ కట్టు ఎవరైనా తెంచితే ఏం చేస్తారు?” అని పై మేడం అవ్వను అడిగారు.

“తెంచినోని ఇంటికి పిల్లనెవురిస్తారమ్మా?” అని అవ్వ నా వైపు గడ్డం ఎగరేసింది. “ఈ పిల్ల తెంచినాది. ఏం జేస్తాం, దీనికి ముందే పెండ్లయిపోయె!”

వాలంతా నవ్వులు. నాకూ నవ్వొచ్చింది, కన్నీళ్ళతో కలిసి.

ఒక్క అల్లుడు నవ్వలేదు. మాతో పాటు పైకి ఎక్కి దూరంగా నిలబడి ఉన్నాడు. “నన్ను కూడా మాట్లాడనియ్యండి” అన్నాడు. “అందరికన్నా లోతుగా కొట్టింది నేనే. ఎందుకు కొట్టగూడదు? ఈ ఏడు నాది, వచ్చే ఏడు ఇంకొకనిది. ఎవుని కోసం దాచిపెట్టాల? నాదయితే నేనూ కట్టు కడతా. ఇప్పుడు చీటీలు తీసేస్తామంటారు. తీసేయండి. మల్ల నా పిల్లోళ్ళకు ఏ చెట్టుండాది? అది గూడా రాసుకో మేడం నీ పుస్తకంలో.”

మొత్తం పథకం రాసింది అతని కోసమే. ఇప్పుడు దాన్ని ఆపితే మొదట నష్టపోయేది అతనే. చదువుకున్న నాకు గానీ, బూట్లు వేసుకొచ్చిన మేడానికి గానీ దారి తోచలేదు.

అవ్వ చేతికర్రతో తమ ఇంటి చెట్టొకదాన్ని తట్టింది. ఇంకోదాన్ని తట్టింది. ఆరు చెట్లు తట్టి వచ్చింది.

“రేయ్ అల్లుడా. నీ పెండ్లాం నాకు మనమరాలి వరస. ఇవి దానికిస్తుండా. ఒక ఏటికి గాదు, ఇచ్చేస్తుండా. కానీ కట్టేనాడు కట్టాల. కట్టకపోతే నీ గొడ్డలి తీసుకపోయి వాగులో ఏస్తా.”

“నంబర్లు?” అన్నాడు అతను, నమ్మలేనట్టు.

“నంబర్లు ఈ పిల్లవి. చెట్లు మీవి.”

కిందికి దిగాక మిగతావాళ్ళలో ఇంకో ఇద్దరు నాలుగేసి చెట్లు ఇస్తామన్నారు, ఒకడు సణుక్కుంటూ. నలభై చెట్లున్నతను మాత్రం చివరిదాకా నోరు మెదపలేదు, ఒక్కటీ ఇవ్వలేదు. గూడెం అంటే అందరూ ఒక్కటే మనసుతో ఉంటారని మీరు అనుకుంటారేమోనని ఇది రాస్తున్నాను. ఉండరు. మన పల్లెల్లో ఉంటారా?

ఆ రోజు చీటీలు ఆగిపోయాయి. పై మేడం పెద్ద ప్రసంగమేమీ చేయలేదు. “జరిగిందంతా రాసి సంతకం పెట్టివ్వు” అన్నారు. ఇచ్చాను. తిరిగి వస్తూ పెద్దసారు యర్రగొండపాలెం బస్టాండు దగ్గర జీపు ఆపించి, “సోడా తాగుతావా? పొద్దున్నుంచి ఏం తిన్లేదు నువ్వు” అన్నారు. తాగాను. ఆయన ఇంకా కోపంగానే ఉన్నారు. అయినా సోడాలో ఉప్పు తగ్గించమని బండివాడికి ఆయనే చెప్పారు, నాకు కాళ్ళ వాపులున్నాయని.

అన్నీ మంచిగా ముగియలేదు. పక్క గూడేనికి కాగితం ముందే వెళ్ళిపోయింది. అక్కడ ఆ ఏడు చీటీలు వేశారు. ఆపమని రెండుసార్లు ఉత్తరం రాశాను. ఆ వాలులో ఎన్ని పోయాయో నాకు తెలియదు. నా కాంట్రాక్టు కాన్పు సమయానికి అయిపోయింది, కొత్తది రాలేదు. తీసేశారని చెప్పను. పిలవలేదు.

కాన్పయిన మూడో రోజు మా అమ్మ తన పాత చీర మడతపెట్టి నా నడుముకు బిగించి కట్టింది. “నలభై దినాలు ఇది ఇప్పగాకు. బరువెత్తగాకు. ఒళ్ళంతా పచ్చిగుంటాది” అంది. అక్షరాలా అవ్వ అన్న మాట. మంచం మీద పడుకుని పకపకా నవ్వాను. కుట్లు లాగి ప్రాణం పోయినట్టయింది. మా అమ్మ భయపడి నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. “పెండ్లయినాదా, పిల్లలున్నారా” అని అవ్వ ఎందుకడిగిందో అప్పుడు పూర్తిగా అర్థమైంది. దీని ఒంటికి ఇంకా తెలిసే అవకాశం రాలేదు అని తనకు తాను సర్దిచెప్పుకుందేమో. ఆ రోజు నన్ను తిట్టకుండా వదిలేసింది అందుకే.

నాకు కొలతల పిచ్చి ఇప్పటికీ పోలేదు. పాప ఎన్నిసార్లు పాలు తాగింది, ఎన్ని గంటలు పడుకుంది, వారానికి ఎన్ని గ్రాములు పెరిగింది, అన్నీ నోటుబుక్కులో రాస్తాను. ఒక వారం పెరగకపోతే నిద్ర పట్టదు. మా అత్త ఒకరోజు బుక్కు లాక్కుంది. “పిల్ల ఎదురుగా ఆడుకుంటుండాది గద. దాన్ని చూడు. ఎప్పుడూ ఆ గీతల్లోకి చూస్తావేంది?” బుక్కు తిరిగి తీసుకున్నాను. రాయడం మానలేదు. కానీ ముందు పిల్లను చూసి తరువాత రాస్తున్నాను.

చెట్లకు కూడా కొలతలు వద్దని నేను చెప్పడం లేదు. కొలవండి. ఎన్ని పోయాయో నేను చెప్పగలిగింది నంబర్లుండబట్టే. కానీ ఆ వాలును అన్నేళ్ళు నిలబెట్టింది నంబర్లు కాదు, కంచెలు కాదు, మన బోర్డులు కాదు. ఈ చెట్టు మా అవ్వ ఇచ్చింది, రేపు మా పిల్లదానికి ఇవ్వాలి అనుకునే మనుషులు. అడవిని కాపాడే పనికి వెళ్ళినప్పుడు మొదట చూడాల్సింది ఏ చెట్టుకు ఎవరు ఏమవుతారన్నది. ఆ వరస తెగితే తరువాత మనం ఎన్ని మొక్కలు నాటినా వాటికి నీళ్ళు పోసే మనిషి ఉండడు.

పాపకు ఆరు నెలలప్పుడు, వానలు పడ్డాక, చాచా తోడు వస్తే గూడేనికి వెళ్ళాను. దోమలు కుడతాయని మా ఆయన, జలుబు చేస్తుందని నేను, ఇద్దరం రాత్రంతా పోట్లాడుకుని చివరికి వెళ్ళాం. వాలు పచ్చగా ఉంది. పదిహేడూ అట్లాగే తెల్లగా నిలబడి ఉన్నాయి. ఒకటి కూలిపోయింది. ఏ ఒక్కటీ చిగురించలేదు, చిగురించవు. మిగతావి ఉన్నాయి. అల్లుడి ఆరు చెట్లలో మూడింటికి కట్లు కనిపించాయి. కొత్త తీగ, ఇంకా పచ్చిగా ఉంది. సరిగ్గా నా పసుపు నంబరు మీదుగా చుట్టి, గట్టిగా రెండు ముళ్ళు వేశాడు. నంబరు కనపడలేదు. ఏ నంబరో నాకు గుర్తుంది, అయినా తొలగించి చూడలేదు.

ఇక నీకు, ఆ రోజు ఫోనులో అడిగినదానికి సమాధానం. టేపు కట్టుకు జానెడు కింద పెట్టు. ఫారంలో ఎంత ఎత్తున కొలిచావో ఉన్నది ఉన్నట్టు రాయి. పై నుంచి ఎవరైనా అడిగితే కట్టు ఉందని చెప్పు. ఎందుకుందో అడిగితే చెప్పడానికి ముందు నువ్వు తెలుసుకోవాలి కదా, అందుకని రేపు పొద్దున టేపు సంచిలోనే ఉంచి గూడెం మొదటి గుడిసెకు వెళ్ళి కూర్చో. అవ్వకు ఆకు వక్క తీసుకెళ్ళు. పళ్ళు లేవు, వక్క నలగ్గొట్టి ఇవ్వాలి.

చాకు చేతిలో ఉండగా ఆగి అడిగావు నువ్వు. ఆ రోజు నేను ఆగలేదు. అందుకే నీ గురించి నాకు బెంగ లేదు. నాకున్న బెంగల్లో ఒకటి తగ్గింది.

అవ్వ నా గురించి అడుగుతుంది. పాప నడుస్తోందని చెప్పు.